పార్కిన్సన్స్ మందుల సర్దుబాటు: ఫోన్‌తో అయ్యేదేది, వీడియో కావాల్సిందేది, బస్సెక్కక తప్పనిదేది

చేతులు వణికి, ఒళ్లు బిగిసి, కదలిక మందగించే పార్కిన్సన్స్ జబ్బు వచ్చిన కొత్తలో మందు మంచి పట్టు ఇస్తుంది. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఒక్కో మాత్ర వేసుకుంటే రోజు గడిచిపోతుంది. అసలు కష్టం కొన్నేళ్ల తర్వాత మొదలవుతుంది. ఆరింటికి వేసిన మాత్ర పదింటికల్లా దిగిపోతుంది, మళ్లీ మాత్ర పడేదాకా మంచం దిగలేరు. కొందరికి మాత్ర వేసిన గంటకు మెడ, భుజాలు వాటంతటవే ఊగుతాయి. అప్పుడు కావాల్సింది కొత్త స్కానింగ్ కాదు. మాత్రను గంట ముందుకు జరపడం, అర మాత్ర తగ్గించడం, రెండు మాత్రల మధ్య ఎడం మార్చడం లాంటి చిన్న సర్దుబాట్లు. ఇవి ఏడాదిలో ఒక్కసారి చేసి వదిలేసేవి కావు, జబ్బు కదిలే కొద్దీ చేస్తూ పోవాల్సినవి.

ప్రతి సర్దుబాటుకూ ప్రయాణమంటే మన రాయలసీమ జిల్లాల వాళ్లకు చిన్న మాట కాదు. కర్నూలు నుంచి హైదరాబాదు సుమారు 210 కిలోమీటర్లు. అనంతపురం నుంచి బెంగళూరు కూడా దాదాపు అంతే. కడప నుంచి తిరుపతి సుమారు 140. ఆదోని, రాయదుర్గం, జమ్మలమడుగు వైపు వాళ్లు దానికి ఇంకొంత కలుపుకోవాలి. దూరం కంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. బస్సులో మూత్రం ఆపుకోలేమన్న భయంతో పెద్దవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. మాత్ర వేళ తప్పుతుంది. నాలుగైదు గంటలు కూర్చుని కూర్చుని బిగుసుకుపోతారు. డాక్టరు గదిలోకి అడుగుపెట్టే మనిషి, ఇంట్లో రోజూ తిరిగే మనిషి ఒకలా ఉండరు. ఆ బిగువు చూసి మోతాదు పెంచితే, ఇంటికొచ్చి నాలుగు రోజులు నెమ్మదించాక ఆ మోతాదే ఎక్కువైపోతుంది.

మా సలహా ముందే చెప్పేస్తాం. నేరుగా చేత్తో పట్టి పరీక్ష చేసిన న్యూరాలజిస్టు ఒకరే ఉండాలి. ఆరు నెలలకు ఒకసారైనా ఆయన దగ్గరికి పోవాలి. మధ్యలో వచ్చే మందుల సర్దుబాటు ఆయనతోనే వీడియోలో చేసుకోవాలి. జ్వరం, మలబద్ధకం, మూత్రంలో మంట లాంటివి ఊర్లో డాక్టరుకు గానీ, ఫోన్‌లోనే డాక్టరుతో కలిపే ప్రభుత్వ సేవ ఈసంజీవనిలో గానీ చూపించుకోవచ్చు. యాప్‌లో రోజుకో కొత్త డాక్టరు చేత మోతాదు మార్పించుకోవడం మాత్రం వద్దు.

ఆరు నెలల లెక్క ఊరికే చెప్పింది కాదు. 2020 మార్చి 25న వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం, అదే జబ్బుకు అదే డాక్టరు నేరుగా చూసి ఆరు నెలలు దాటకుంటేనే దూరం నుంచి మాట్లాడేది ఫాలో అప్ కింద లెక్క. ఫాలో అప్ అయితే ఉన్న మందులు కొనసాగించడానికి, అవసరమైతే ఇంకొకటి జోడించడానికి డాక్టరుకు వీలుంటుంది. ఆరు నెలలు దాటితే మళ్లీ మొదటిసారి చూసినట్టే. మొదటిసారి చూసేవాళ్లకు ఇలాంటి మందులు రాయాలంటే వీడియో ఉండి తీరాలి, ఉత్త ఫోన్ మాటతో కుదరదు. చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ, పేషెంటు పేరు, వయసు ఉన్నాయో లేదో చూసుకోండి. అవి లేని చీటీకి మందుల షాపువాళ్లు అడ్డు చెప్తే తప్పు వాళ్లది కాదు. నిద్రలో అరుపులకు, కాళ్లు విదిలించడానికి క్లోనజెపామ్ లాంటి మందులు ఇస్తారు. వాటి సంగతి నేరుగా పోయినప్పుడే అడిగి పెట్టుకోండి.

ఉత్త ఫోన్ కాల్: చవక, కానీ ఒక పెద్ద ఉచ్చు

ఫోన్ అందరి దగ్గరా ఉంది, సిగ్నల్ సరిగా లేని పల్లెలో కూడా పని జరుగుతుంది. మందు అయిపోవస్తోంది, ఈ బ్రాండు దొరకలేదు, మాత్ర ఒక పూట మరిచిపోయినాం, ఇప్పుడేం చేయాలి? ఇలాంటివాటికి ఫోన్ చాలు.

మోతాదు మార్చడానికి మాత్రం చాలదు. కారణం మాటలోనే ఉంది. ఇంట్లోవాళ్లు ఫోన్‌లో "నాయనకు వణుకు ఎక్కువైంది సార్" అంటారు. తెలుగులో మనం రెండు వేరువేరు సంగతులను వణుకు అనే అంటాం. ఒకటి, మందు చాలక వచ్చే వణుకు. చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నప్పుడు బొటనవేలు, చూపుడువేలు బీడీ చుడుతున్నట్టు లయగా కదులుతాయి. చెయ్యి ఎత్తి ఏదైనా పట్టుకుంటే తగ్గుతుంది. రెండోది, మందు ఎక్కువై వచ్చే ఊగులాట. ఇందులో లయ ఉండదు. మెడ, నడుము, కాళ్లు మెలికలు తిరిగినట్టు ఆడుతుంటాయి. చాలావరకు మాత్ర వేసిన గంట, గంటన్నరకు, మందు బాగా ఎక్కినప్పుడు వస్తుంది. మొదటిదానికి మందు పెంచాలి, రెండోదానికి తగ్గించాలి. ఫోన్‌లో వణుకు అన్న ఒక్క మాట విని మోతాదు పెంచితే ఊగులాట రెట్టింపవుతుంది. ఇంట్లోవాళ్లు జబ్బు ముదిరిందని భయపడి మళ్లీ ఫోన్ చేస్తారు, మళ్లీ పెరుగుతుంది.

"సత్తువ లేదు" అన్న మాటతోనూ ఇదే తంటా. మాత్ర వేళకు ముందు కాళ్లు పీకి, నడక మందగించి, మాత్ర పడ్డాక తేరుకుంటే అది మందు దిగిపోవడం. మంచం మీంచి లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మి, కూర్చుంటే సర్దుకుంటే అది బీపీ పడిపోవడం. ఏ వేళకూ సంబంధం లేకుండా రోజంతా దేని మీదా మనసు లేక, మనవళ్లు వచ్చినా పలకరించక, తిండి సయించకపోతే దిగులు జబ్బు కావచ్చు. పార్కిన్సన్స్‌లో అది తరచుగా వచ్చేదే, దానికి మందు ఉంది. మూడింటికీ మన నోట్లో ఒకటే మాట. అందుకే సత్తువ లేదు అని ఆపేయకుండా ఏ వేళకు, ఏం చేస్తుంటే, ఎంతసేపు అన్నది కలిపి చెప్పాలి.

చూసిన డాక్టరుతోనే వీడియో: మందుల సర్దుబాటుకు ఇదే మేలు

వీడియోలో డాక్టరు చాలావరకు చూడగలరు. ముఖంలో కదలిక, గొంతు, కూర్చున్నప్పటి వణుకు, వేళ్లు తట్టించడం, పిడికిలి మూసి తెరవడం, అరచెయ్యి తిప్పడం, మడమ నేలకు ఆనించి పాదం కొట్టించడం, కుర్చీలోంచి లేవడం, నడక, వెనక్కి తిరగడం అన్నీ కనిపిస్తాయి. కనిపించనివి ముఖ్యంగా రెండు. చెయ్యి పట్టుకుని ఆడిస్తేనే తెలిసే కండరాల బిగువు ఒకటి. వెనక నుంచి భుజం లాగి పడిపోతారా నిలదొక్కుకుంటారా అని చూసే పరీక్ష రెండోది. ఈ రెండోది ఇంట్లోవాళ్లు ఎప్పుడూ చేయకూడదు, పడితే తుంటి విరుగుతుంది. అమెరికాలో 195 మంది పార్కిన్సన్స్ పేషెంట్ల మీద జరిగి, 2017లో ఫలితాలు వెలువడిన పరిశీలనలో, మామూలు వైద్యానికి వీడియో సంప్రదింపులు జోడించిన వాళ్ల జీవన నాణ్యత మిగతావాళ్లకు సమానంగానే ఉంది. మెరుగూ లేదు, నష్టమూ లేదు. కలిసొచ్చింది ప్రయాణం తప్పడమే.

అయితే ఆ పది పదిహేను నిమిషాలు ఫలించాలంటే ఇంటి ఏర్పాటు సరిగా ఉండాలి. ఫోన్ చేత్తో పట్టుకోవద్దు. పట్టుకున్నవాళ్ల చెయ్యి కదిలితే వణుకు ఎవరిదో తేలదు. స్టూలు మీద రెండు డబ్బాలు పేర్చి వాటికి ఆనించినా చాలు. చేతులు లేని కుర్చీ ఫోనుకు ఆరేడు అడుగుల దూరంలో, తల నుంచి పాదాల దాకా కనిపించేలా వేయండి. కిటికీ వెలుతురు మనిషి ముఖం మీద పడాలి, వీపు వెనక కాదు. నడిచి చూపడానికి పది పన్నెండు అడుగుల ఖాళీ కావాలి, వరండా అయితే సరిగ్గా సరిపోతుంది. పంచె మోకాలి దాకా మడిచి కట్టుకోవాలి, చీర కుచ్చిళ్లు చీలమండ పైకి దోపుకోవాలి. అడుగు ఈడ్చేది, గుమ్మం దగ్గర పాదం నేలకు అతుక్కుపోయేది డాక్టరుకు కనపడాల్సింది అక్కడే. నడిచేటప్పుడు ఒకరు పక్కనే చెయ్యి అందే దూరంలో ఉండాలి, పట్టుకోకూడదు.

లైవ్‌లో సిగ్నల్ తెగుతుందనుకుంటే ముందురోజే రెండు చిన్న వీడియోలు తీసి పంపండి. ఒకటి పొద్దున మొదటి మాత్రకు ముందు, ఇంకొకటి ఆ మాత్ర వేసిన గంటకు. ఒక్కోటి ఒకటి రెండు నిమిషాలు. రెండింటిలోనూ చేసేవి ఒకటే ఉండాలి: కూర్చుని చేతులు ఒళ్లో పెట్టడం, ఒక్కో చేత్తో పదిసార్లు వేళ్లు తట్టడం, లేచి నడిచి తిరిగి రావడం. మాత్ర ఎన్నింటికి వేశారో వీడియో మొదట్లో నోటితో చెప్పండి. ఆ రెండు వీడియోలు పక్కపక్కన చూస్తే మందు ఎంత పని చేస్తోందో డాక్టరుకు ఒక్క చూపులో తెలుస్తుంది. ఆసుపత్రి గదిలో ఇది దొరకదు.

పిల్లలు వేరే ఊర్లో ఉండి వాళ్లే డాక్టరుతో మాట్లాడేస్తే పని కాదు. పేషెంటు ఎదుట ఉండాలి. రోజూ మాత్రలు అందించే మనిషి, అంటే చాలా ఇళ్లల్లో అమ్మో కోడలో, కెమెరా ముందు ఉండాలి. మాత్ర ఎన్నింటికి పడిందో నిజంగా తెలిసేది ఆమెకే.

ఈసంజీవని: ఉచితం, కానీ దాని పని వేరు

ఈసంజీవని కేంద్ర ప్రభుత్వ టెలీమెడిసిన్ సేవ. ఇంటి నుంచి వాడే ఓపీ విభాగం 2020 ఏప్రిల్‌లో మొదలైంది. మొబైల్ నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది, పేషెంటు వివరాలు నింపాలి, పాత చీటీలు ఫొటో తీసి ఎక్కించాలి, వరుసలో వేచి ఉండాలి. మాట్లాడటం అయ్యాక చీటీ ఫోన్లోనే దిగుతుంది. స్మార్ట్ ఫోన్ లేకుంటే ఊర్లో విలేజ్ హెల్త్ క్లినిక్‌కు పోండి. అక్కడి ఆరోగ్య అధికారి తన దగ్గరున్న కంప్యూటరులోనో ట్యాబులోనో హబ్ (దూరంగా ఉండే పెద్ద కేంద్రం) డాక్టరుతో కలుపుతారు. ఇంటి కంటే క్లినిక్కే మేలని మా అభిప్రాయం. బీపీ, షుగర్ అక్కడికక్కడ చూసి డాక్టరుకు చెప్పగల మనిషి పక్కనే ఉంటారు.

దీని పరిమితి ఒకటే. ఈరోజు మాట్లాడిన డాక్టరు రేపు ఉంటారన్న నమ్మకం లేదు, చాలాసార్లు దొరికేది జనరల్ డాక్టరు. మాత్ర వేళల్ని అరగంట అటూ ఇటూ జరపడం వంటి పనికి ఆరు నెలలుగా చూస్తున్న కన్ను కావాలి. అందుకే దీన్ని పక్క సమస్యలకు వాడండి, అవి చిన్నవేం కావు. మలబద్ధకం తగ్గకపోతే మాత్ర కడుపులోనే నిలిచి సరిగా పేగులోకి దిగదు, ఒంటికి పట్టదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే రెండు రోజుల్లో మనిషి తికమకపడి, నడక ఆగిపోయి, పార్కిన్సన్స్ ముదిరినట్టే కనిపిస్తుంది. ఈ రెండూ తేలితే చాలాసార్లు పార్కిన్సన్స్ మాత్ర మార్చే పనే ఉండదు. హబ్‌లో న్యూరాలజిస్టు ఏ రోజైనా ఉంటారేమో క్లినిక్‌లో అడిగి పెట్టుకోండి.

యాప్‌లలో డబ్బు కట్టి దొరికే కొత్త న్యూరాలజిస్టు గురించి పొడుగ్గా చెప్పేదేం లేదు. రెండో అభిప్రాయానికి పనికొస్తారు. ఆయన చెప్పింది మీ డాక్టరుకు చూపించి, ఆయన ఒప్పుకుంటేనే మార్చండి. ఇద్దరి చీటీలు కలిసి నడిస్తే ఒకే మందు రెండు పేర్లతో పడుతుంది.

నేరుగా పోక తప్పనివి

జబ్బు పార్కిన్సన్సేనా అని మొదటిసారి తేల్చుకోవడం, కొత్తగా తూలి పడటం మొదలవడం, మింగేటప్పుడు పొలమారడం, లేనివి కనపడటం, మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టే ఆపరేషన్ గురించి ఆలోచించడం, ఆ పరికరం సర్దించుకోవడం. వీటికి బస్సెక్కాల్సిందే. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో న్యూరాలజీ విభాగం ఉంది. కడప వాళ్లకు తిరుపతి స్విమ్స్, అనంతపురం వాళ్లకు బెంగళూరు నిమ్హాన్స్, కర్నూలు వాళ్లకు హైదరాబాదు నిమ్స్ దారి కలిసొస్తాయి. ఓపీ రోజులు ముందుగా కనుక్కుని, ప్రయాణం రోజు మాత్రల్ని చేతి సంచిలో పెట్టుకుని, ఫోన్లో అలారం పెట్టుకుని పోండి.

రెండు సందర్భాల్లో ఏ డాక్టరు కాల్ కోసమూ వేచి ఉండొద్దు, 108కి ఫోన్ చేయండి. పడి తలకు దెబ్బ తగలడం ఒకటి. మాత్రలు ఆగిపోయిన కొద్ది రోజుల్లో ఒళ్లంతా కొయ్యలా బిగిసి, తీవ్రమైన జ్వరం వచ్చి, మాట తికమకపడటం రెండోది. మందు హఠాత్తుగా ఆపితే వచ్చే ఈ స్థితి ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే పార్కిన్సన్స్ మాత్ర ఏ కారణం చేతా ఒక్కసారిగా ఆపకూడదు. వేరే ఆపరేషన్‌కు చేరితే అక్కడి డాక్టర్లకు మాత్రల పేర్లు, వేళలు కాగితం మీద రాసి ఇవ్వాలి.

మూడు రోజుల లెక్క: ఏ దారి ఎంచుకున్నా ఇది లేకుంటే వృథా

వీడియో కాల్‌కు ముందు వరుసగా మూడు రోజులు నోటుపుస్తకంలో రాయండి. మాత్ర వేసిన వేళ, ఏం తిన్నారు, నడక ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు దిగింది, ఊగులాట ఉందా. ఒక పూట ఇలా ఉంటుందనుకోండి:

6:00 మాత్ర, నీళ్లతో
6:50 నడక వచ్చింది
7:30 ఉగ్గాని
9:40 కుడిచెయ్యి వణుకు, చొక్కా గుండీలు పెట్టుకోలేదు
10:40 ఉడికించిన గుడ్డు, గ్లాసు పాలు
11:00 మాత్ర
12:10 నడక వచ్చింది
12:40 మెడ, భుజం ఊగులాట, 20 నిమిషాలు

ఈ ఎనిమిది వరుసల్లో మూడు సంగతులున్నాయి. మొదటి మాత్ర పట్టు 6:50 నుంచి 9:40 దాకా, మూడు గంటలు కూడా లేదు. తర్వాతి మాత్ర 11కు గాని పడలేదు. అంటే మాత్రల మధ్య ఎడం ఎక్కువ. రెండోది, పొద్దున 50 నిమిషాల్లో పనిచేసిన మాత్ర 11కు వేసినప్పుడు 70 నిమిషాలు తీసుకుంది. అంతకు ముందు తిన్న గుడ్డు, పాలు అడ్డుపడి ఉండొచ్చు. ఈ మాత్రల్లోని అసలు మందు లీవోడోపా. అది పేగులోంచి రక్తంలోకి, రక్తంలోంచి మెదడులోకి పోవడానికి మాంసకృత్తులతో ఒకే దారిలో పోటీపడుతుంది. మూడోది, పట్టు బాగా ఉన్నప్పుడు ఊగులాట ఉంది. ఇలాంటప్పుడు ఒక్కో మాత్ర పెంచితే ఊగులాట పెరుగుతుంది. డాక్టరు చాలావరకు ఎడం తగ్గించే దారి చూస్తారు, ఒక్కో మోతాదు అలాగే ఉంచో కాస్త తగ్గించో. "మధ్యాహ్నం బాగుండదు సార్" అని మాత్రమే చెప్పుంటే ఇందులో ఒక్కటీ బయటపడేది కాదు. లెక్క డాక్టరుకు చూపించడానికే. దాన్ని చూసి మీరే మోతాదు మార్చొద్దు.

బీపీ కూడా రాయండి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డ ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే డాక్టరుకు చెప్పాలి. వణికే చేతికి కట్టు కడితే మిషన్ తప్పు చూపిస్తుంది. వణుకు లేని చేతికి కట్టి, ఆ చేతిని దిండు మీద ఆనించండి. మన ఎండాకాలంలో, పగలు 40 డిగ్రీలు దాటే రోజుల్లో, నీళ్లు చాలక ఈ బీపీ పడటం ఇంకా పెరుగుతుంది. మందు ఎక్కువైందని పొరపాటు పడతారు.

మాత్రల షీటు వెనక్కి తిప్పి చూపండి

దూరం నుంచి మందు మార్చేటప్పుడు ఎక్కువ తప్పులు జరిగేది పేరు దగ్గర. సిండోపా అనేది లీవోడోపా మాత్రల బ్రాండు పేరు, ఒక్క మాత్ర కాదు. సిండోపా 110లో లీవోడోపా 100 మి.గ్రా., కార్బిడోపా 10. సిండోపా ప్లస్‌లో 100, 25. సిండోపా 275లో 250, 25. సిండోపా సీఆర్ 125లో కూడా 100, 25 ఉంటాయి, కానీ అది నెమ్మదిగా కరిగేది. ప్లస్‌కూ సీఆర్ 125కూ అంకెలు ఒకటే, పని వేరు. సీఆర్ నుంచి ఒంటికి పట్టేది మామూలు మాత్ర కంటే సుమారు 30 శాతం తక్కువ, ఆలస్యంగా కూడా పడుతుంది. షాపులో ఒకటి లేదని ఇంకొకటి ఇస్తే, పొద్దున ఆరింటి మాత్ర ఎనిమిదైనా పనిచేయలేదని మీరు ఫోన్ చేస్తారు, డాక్టరు కారణం ఎక్కడో వెతుకుతారు. సీఆర్ మాత్ర నూరకూడదు, నమలకూడదు. విరవాలంటే డాక్టరు చెప్పాలి. కాల్‌లో పేరు నోటితో చెప్పడం కాదు, షీటు వెనకవైపు అక్షరాలు కెమెరాకు దగ్గరగా పెట్టి చదివించండి.

కార్బిడోపా అంకెను తేలిగ్గా తీసుకోవద్దు. లీవోడోపా మెదడుకు చేరకముందే కరిగిపోకుండా కాపాడేది అదే. రోజుకు 70 నుంచి 100 మి.గ్రా. దాకా ఉంటేనే ఆ కాపలా గట్టిగా ఉంటుంది. 110 మాత్రలు మూడు వేసుకునే మనిషికి అందేది 30 మాత్రమే, అందుకే కొందరికి కడుపులో తిప్పుతుంది, వాంతులవుతాయి. ఇక్కడి నుంచి ఒక ప్రమాదం మొదలవుతుంది. వాంతులని ఊర్లో ఆర్ఎంపీ దగ్గరికి పోతే మెటోక్లోప్రమైడ్ గానీ ప్రోక్లోర్‌పెరజైన్ గానీ ఇంజెక్షన్ వేస్తారు. రెండూ మెదడులో కదలికలను నడిపే డోపమిన్‌ను అడ్డుకునేవే. మరుసటి రోజుకు మనిషి మంచం పడతాడు. అప్పుడు పార్కిన్సన్స్ మందు పెంచుతారు, మళ్లీ వాంతులు. అసలు చేయాల్సింది వాంతుల సంగతి వీడియోలో న్యూరాలజిస్టుకు చెప్పడం. 110 బదులు ప్లస్ రాస్తే సరిపోవచ్చు. గ్యాస్ మాత్రల్లో లెవోసల్‌పిరైడ్ కలిసినవి, తల తిరగడానికి ఇచ్చే సిన్నరిజైన్, మైగ్రేన్‌కు ఇచ్చే ఫ్లూనరిజైన్ కూడా ఇదే కోవ. ఈ ఐదు పేర్లు ఒక చీటీ మీద రాసి మందుల డబ్బా మూతకు అంటించండి, ఏ డాక్టరుకైనా ముందు అది చూపించండి.

దూలగొండి గింజల పొడి వాడుతుంటే దాచొద్దు. ఆ గింజలో నిజంగానే లీవోడోపా ఉంటుంది. మాత్రలకు తోడు అది కూడా పడితే ఊగులాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక డాక్టరు మంచి మోతాదును తగ్గించేస్తారు. పార్కిన్సన్స్‌కే ఇచ్చే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వాడేవాళ్ల ఇంట్లో ఇంకో సంగతి గమనించాలి. అలవాటు లేని పేకాట, ఆన్‌లైన్ ఆటల్లో డబ్బు పెట్టడం, ఆగని కొనుగోళ్లు, కూర్చున్న చోటే నిద్రలోకి జారడం కనిపిస్తే అది మనిషి స్వభావం మారడం కాదు, మందు వల్ల కావచ్చు. పేషెంటు ముందు చెప్పడానికి ఇబ్బందైతే డాక్టరుకు ముందుగా మెసేజ్ పెట్టండి.

తిండి విషయంలో సులువైన పద్ధతి: మాత్రను తిండికి అరగంట ముందు గానీ, తిండి తిన్న గంట తర్వాత గానీ, పాలతో కాకుండా నీళ్లతో వేసుకోవాలి. మధ్యాహ్నం పట్టు దొరకని వాళ్లు పప్పు, గుడ్డు, చికెన్ రాత్రికి మార్చి, పగలు సంగటి, కూర, తక్కువ పుట్నాల పొడి వేసిన ఉగ్గాని లాంటివి తిని చూడొచ్చు. సన్నబడిపోతున్న వాళ్లు మాంసకృత్తులు తగ్గించకూడదు, వేళ మాత్రమే మార్చాలి. ఐరన్ మాత్రకు, దీనికి రెండు గంటల ఎడం పెట్టండి.

కాల్ అయ్యాక

డాక్టరు చెప్పింది ఫోన్ పెట్టకముందే తిరిగి చదివి వినిపించండి: "ఆరింటికి ప్లస్ ఒకటి, తొమ్మిదిన్నరకు ప్లస్ ఒకటి" అని వేళ, పేరు, సంఖ్య మూడూ. రోజుకు నాలుగు అని రాసుకుంటే చాలదు. కొత్త పట్టీ గోడకు అంటించేటప్పుడు పాత పట్టీ చించేయండి. రెండూ ఉంటే రాత్రిపూట కళ్లజోడు లేకుండా పాతదే చూసి ఇస్తారు. ఒకేసారి రెండు మార్పులు చెప్తే ఏది ముందో అడగండి. రెండూ ఒకేరోజు మొదలుపెడితే మంచికైనా చెడుకైనా కారణం తెలియదు. ఇంట్లో ఎప్పుడూ 15 రోజుల మందు నిల్వ ఉండాలి. బ్రాండు మారిస్తే ఆ తేదీ లెక్కపుస్తకంలో రాయాలి. వారం తర్వాత మొదటిసారి పంపినట్టే రెండు వీడియోలు, అదే కుర్చీ, అదే వరండా, అవే వేళలకు తీసి పంపండి.